స్టీరియోలో కూత

శ్రీవారికి,

ఇక్కడ నేను, మీ చెల్లెలు, మన డ్రైవింగ్ స్కూలు కారు క్షేమంగానే ఉన్నాం. మీరూ వేళకు తింటున్నారని నమ్ముతున్నాను. కుశలం అయిపోయింది, ఇక నా కోపం చదవండి.

పాత స్టీరియో పోయిందని కొత్తది మీ చేత్తో బిగించి క్యాంపుకి వెళ్లారు చూడండి, ఆ రోజు నుంచీ అందులోంచి ఒకటే కూత. యాక్సిలరేటర్ తొక్కితే హెచ్చుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ మాట రాస్తే మీ జవాబేమిటి? "వైర్ల జోలికి వెళ్లకు, నీకు అర్థం కాదు." ఇంతమందికి కారు నడపడం నేర్పేదాన్ని, నాకు అర్థం కాదా! చదవగానే ఒళ్లు మండింది.

వాల్యూం తగ్గిస్తే పోతుందా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. వాల్యూం పూర్తిగా తగ్గించినా కూత పోదు. ఏరియల్ వైరు పీకి చూశాను, పోదు. కూత ఆపుతుందని షాపువాడు అంటగట్టిన ఫిల్టర్ దండగ. వాడేమో కారుదే లోపమంటాడు, మెకానిక్ స్టీరియోదే అంటాడు. ఇద్దరూ కలిసి నన్ను బంతాట ఆడారు.

చివరికి డాష్‌బోర్డు నేనే విప్పాను. ఎర్త్ వైరు ఎక్కడ బిగించారండీ మహానుభావా? రంగు పూసిన రేకు మీద! రంగు మీద ఎర్త్ ఎలా అందుతుంది? రంగు గీకి, మెరిసే రేకుకి బిగించాను. కూత మాయం. మిమ్మల్ని తనివితీరా తిట్టుకుని హాయిగా పాటలు విన్నాను.

ఇక ఇన్నాళ్లూ దాచిన సంగతి. మర్నాడే ఆ వైరు తీసి పక్కనే గీకని చోట మళ్లీ రంగు మీదే బిగించాను. నా దగ్గర కారు నేర్చుకుంటున్న మీ చెల్లెలి కోసం. ఆ ఉదయం రోడ్డు మధ్యలో ఇంజను మాటిమాటికీ ఆపేసి ఏడుపు మొదలెట్టింది.

"వదినా, ఆ కూత ఏమైంది? అది పైకి లేస్తేనే కదా నేను గేరు మార్చేది!"

అన్నాళ్లూ నా పాఠాలు తలకెక్కాయని మురిసిపోయాను. పాఠం చెప్పింది మీ చెత్త పనితనమట! వారంలో పరీక్ష. లైసెన్సు చేతికొస్తేనే ఆసుపత్రి వ్యానులో ఉద్యోగం. నేనేం చెయ్యను మరి?

నిన్న పరీక్షకి ఇన్‌స్పెక్టర్ ఎక్కుతూనే, "ముందా రొద ఆపమ్మా" అని స్టీరియో కట్టేయించాడు. వెనక సీట్లో నాకు ప్రాణం పోయినంత పనైంది. పిల్ల ఇంజను చప్పుడు కాసేపు విని, పళ్లు బిగించి తనే గొంతులో సన్నగా కూత అందుకుంది. కారు వేగంతో పాటు గొంతూ పైకి లేచింది. ఒక్క గేరు తప్పలేదు.

దిగుతూ ఆయన, "ఏమిటమ్మా ఆ మూలుగు?" అన్నాడు.

"అంతా మా అన్నయ్య పుణ్యమండీ" అంది.

పాసైంది! వైరు మళ్లీ సరిచేశాను. వచ్చాక ముట్టుకున్నారంటే ఊరుకోను.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ చెల్లెలికి వదిన మాత్రమే