కల్నల్ ముట్టని గిన్నె

జూన్ 9, సోమవారం

ఈ డైరీ న్యూ ఇయర్‌కి మా ల్యాబ్‌లో ఇచ్చింది. ఆరు నెలలుగా ఫ్రిజ్ మీద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపానంటే కారణం కుక్క. ఏం పెడుతున్నారో, ఎంత తింటుందో రోజూ రాసిపెట్టండి మేడం, అప్పుడే నాకు అర్థమవుతుంది అన్నాడు కుక్కల డాక్టరు. సరే, రాస్తున్నాను. ఏమీ తినలేదు.

కుక్క నాది కాదు. పక్క పోర్షన్ ప్రిసిల్లా టీచర్‌ది. శుక్రవారం పొద్దున ఆవిడ బాత్‌రూమ్‌లో పడిపోయింది. స్ట్రోక్. తలుపు పగలగొట్టించిందీ, అంబులెన్స్ పిలిచిందీ నేనే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టినా చూపు మాత్రం కుక్క మీదే ఉంది. నేను వంగి, ఫికర్ చెయ్యకండి టీచర్, కల్నల్‌ని నేను చూస్కుంట, మీరొచ్చేదాంక గిట్లనే ఉంటది అన్నాను. నన్నెవరూ అడగలేదు. నా నోరు ఊరుకోదు.

ఇంటర్‌లో ఇంగ్లిష్ తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు పాఠం చెప్పింది ఆవిడే. ఒక్క పైసా తీసుకోలేదు. ఈ బోయిగూడ సందులోంచి నేను రిసెప్షన్ కుర్చీ దాకా వెళ్ళానంటే ఆవిడ చలవే. ఆవిడ భర్త పోయాడు, పిల్లలు లేరు. ఈ కుక్క ఉంది. ఇదన్నా సరిగ్గా చెయ్యాలి నేను.

జూన్ 10, మంగళవారం

పొద్దున పాలు, బ్రెడ్. ముట్టలేదు.
మధ్యాహ్నం షాపులో దొరికే డాగ్ ఫుడ్. ముట్టలేదు.
రాత్రి కోడి మెడలు వేసి వండిన అన్నం. ముట్టలేదు.

జూన్ 11, బుధవారం

దీని పద్ధతే నాకు అంతుబట్టడం లేదు. గిన్నె పెట్టగానే వస్తుంది. వచ్చి ఎదురుగా నిటారుగా కూర్చుంటుంది. గిన్నెలోకి చూడదు, నా మొహంలోకి చూస్తుంది. చొంగ కారి కింద మడుగవుతుంది. అయినా మూతి పెట్టదు. పావుగంట అట్లాగే కూర్చుని, లేచి టీచర్ గుమ్మం ముందుకి పోయి పడుకుంటుంది.

పదేళ్ళ కింద నేరేడ్‌మెట్‌లో ఉండే మిలటరీ ఆయనెవరో బదిలీ మీద పోతూ, ఇది చిన్న పిల్లగా ఉన్నప్పుడు టీచర్ వాళ్ళకి ఇచ్చాడట. ఆ పేరు అందుకే. పేరుకి తగ్గట్టే ఉంది డిసిప్లిన్.

కాకినాడలో టీచర్ మేనకోడలు జెరూషా ఉంటే ఫోన్ చేశాను. కల్నల్ ఏం తింటుందమ్మా అని అడిగాను. అన్నీ తింటాడండీ, పేచీ అన్నదే లేదు, అత్తయ్య తినేదే వాడికీనూ అంది. పిల్లలకి ఇద్దరికీ జ్వరాలట, తగ్గగానే వస్తానంది.

పై వాటా నవత వచ్చి, ఏందక్కా, కుక్క గింత బక్కగయింది, జెర కలేజీ వండి పెట్టు, వాసనకే ఉరికొస్తది అంది. మేక లివర్ తెచ్చి వండాను. వాసనకి వచ్చింది. కూర్చుంది. నా మొహం చూసింది.

జూన్ 12, గురువారం. సాయంత్రం

తిన్నది! మొత్తం తిన్నది!

టీచర్ వాళ్ళ చర్చి పెద్ద సామ్యూల్ గారు ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చారు. టీచర్ బైబిల్, కళ్ళద్దాలు ఆస్పత్రికి తీసుకెళ్ళాలని తాళం అడిగారు. అప్పుడే నేను వరండాలో గిన్నె పెట్టాను, అన్నంలో ఉడికించిన గుడ్డు చిదిపి. వెళ్ళేముందు వాళ్ళు అక్కడే నిలబడి టీచర్ కోసం ప్రార్థన చేశారు. మర్యాదకి నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాళ్ళని గేటు దాకా సాగనంపి వచ్చేసరికి గిన్నె తళతళలాడుతోంది.

గుడ్డు! ఇన్నాళ్ళూ గుడ్డు అడుగుతోందన్నమాట. డజను తెప్పించాను. ఆరు రోజుల తర్వాత ఇవాళ నాకూ అన్నం సయించింది.

జూన్ 13, శుక్రవారం

గుడ్డు. ముట్టలేదు.
గుడ్డు. ముట్టలేదు.
గుడ్డు, నెయ్యి వేసి. ముట్టలేదు.

జూన్ 15, ఆదివారం

ఆస్పత్రికి వెళ్ళాను. టీచర్‌ని వార్డులోకి మార్చారు. మూతి ఒక పక్కకి లాగేసింది. నన్ను గుర్తుపట్టింది.

అబద్ధం చెప్పలేకపోయాను. కల్నల్ సరిగ్గా తినడం లేదు టీచర్, గిన్నె ముందు కూర్చుంటది, నన్నే చూస్తది, మూతి పెట్టదు అన్నాను. ఆవిడ గొంతులో ఏదో చప్పుడు. ఎడమ చేత్తో ఆ పడిపోయిన కుడి చేతిని లేపింది. ఎంత కష్టపడిందో. గుండెల మీద రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. మళ్ళీ జోడించింది. మళ్ళీ చూసింది.

నాకు దుఃఖం ఆగలేదు. నాకు పాఠం చెప్పిన మనిషి నాకు దండం పెట్టడం ఏమిటి. గట్ల చెయ్యకండి టీచర్, నేను చూస్కుంటలేనా అని చేతులు విడదీసి దుప్పటి కింద పెట్టాను. ఆవిడ ఎడమ చెయ్యి బయటికి లాక్కుని మంచాన్ని కొట్టింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. సిస్టర్ పరిగెత్తుకొచ్చి పేషెంట్‌కి బీపీ పెరుగుతోంది, మీరు వెళ్ళండి అంది.

దారంతా ఏడుస్తూనే వచ్చాను.

జూన్ 16, సోమవారం

మా ఆయన పురుషోత్తం బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు హోల్‌సేల్ చేస్తాడు. లోకంలో ప్రతిదానికీ ఆయన దగ్గర మార్కెట్ మందు ఒకటి ఉంటుంది. నువ్వు రోజుకో వంట చేసి బతిమాలుతున్నవ్, దానికి అలుసైంది, రెండ్రోజులు గిన్నె తీసెయ్, కడుపు కాలితే అదే తింటది, మనుషులకైనా గంతే అన్నాడు.

నాకూ విసుగొచ్చింది. గిన్నె తీసి అటక మీద పెట్టాను.

జూన్ 17, మంగళవారం

నీళ్ళు మాత్రమే.

జూన్ 18, బుధవారం

రాయాలని లేదు. రాస్తాను.

సాయంత్రం ల్యాబ్ నుంచి రాగానే కలేజీ వండి, అన్నం కలిపి పెట్టాను. రెండు రోజుల ఆకలి. నడుస్తుంటే వెనక కాళ్ళు తడబడుతున్నాయి. అయినా వచ్చి నిటారుగా కూర్చుంది. కూర్చోలేక ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ సర్దుకుని కూర్చుంది. చొంగ కారుతోంది, ఒళ్ళంతా వణుకుతోంది, చూపు మాత్రం నా మొహం మీదే.

తిను అన్నాను. తినవే అని అరిచాను. ముక్క తీసి మూతి దగ్గర పెడితే తల పక్కకి తిప్పుకుంది. అప్పుడు నాకేం పట్టిందో తెలియదు. పేపర్ చుట్టి మూతి మీద కొట్టాను. రెండు దెబ్బలు. అరవలేదు. దెబ్బ తిని కూడా మళ్ళీ అట్లాగే కూర్చుని నన్ను చూసింది. ఎంత పొగరు అనుకున్నాను.

రాత్రి పచ్చగా కక్కుకుంది.

జూన్ 19, గురువారం

సెలవు పెట్టి ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. సెలైన్ ఎక్కించాడు. రక్తం తీసుకున్నాడు. సిరంజితో రాగిజావ పట్టమన్నాడు. నేనూ పురుషోత్తమూ కలిసి పట్టుకున్నా పళ్ళు బిగించేస్తోంది. పట్టినదాంట్లో సగం మెడ మీంచి కారిపోయింది.

జూన్ 20, శుక్రవారం

ప్రిసిల్లా టీచర్ పోయింది. పొద్దున పదింటికి. రెండో స్ట్రోక్.

జూన్ 22, ఆదివారం

నిన్న సమాధి చేశారు. వాన. జెరూషా శుక్రవారం రాత్రి బండికి వచ్చింది. నిన్నంతా చర్చిలోనే సరిపోయింది. ఇవాళ మధ్యాహ్నం సామాను సర్దడానికి టీచర్ పోర్షన్‌కి వచ్చింది.

వరండాలో గిన్నె ఉంది. పొద్దున కలిపిన పెరుగన్నం, పైన ఎండిపోయింది. కల్నల్ గోడవార పడుకుని ఉన్నాడు. జెరూషాని చూసి తోక రెండుసార్లు నేలకి కొట్టాడు. అయ్యో ఇలా అయిపోయావేంట్రా అంటూ పక్కన కూర్చుంది. గిన్నె చూసింది. ఇంకా పెట్టలేదాండీ అని నన్నడిగింది. పొద్దున పెట్టినమ్మా, తింటలేదు అన్నాను.

జెరూషా గిన్నె ముందుకి జరిపింది. ఫ్యాన్ స్విచ్ వేసినంత మామూలుగా చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. కల్నల్ లేచాడు. గోడకి ఆనుకుని, నిటారుగా కూర్చున్నాడు. తండ్రీ, ఈ ఆహారం కొరకు స్తోత్రం, లేనివారికి కూడా దయచేయండి, యేసు నామమున అడుగుచున్నాము, ఆమెన్ అంది.

ఆమెన్ అనగానే వంగి తిన్నాడు. ఆ ఎండిపోయిన అన్నం. గిన్నె నేల మీద జరుగుతుంటే దాని వెంటే జరుగుతూ తిన్నాడు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. జెరూషా చెబుతూ పోతోంది. చిన్నప్పుడు వీడు డైనింగ్ టేబుల్ మీదికి ఎగిరి అందరి కంచాల్లో మూతి పెట్టేవాడటండీ, మావయ్య రిచర్డ్ గారు ఉన్నప్పుడు, ఈ ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముట్టరు, నువ్వూ అంతే అని అలవాటు చేశారు, ఓసారి పాస్టర్ గారు భోజనానికొచ్చి ఇరవై నిమిషాలు ప్రార్థన చేస్తే పాపం వీడి కింద చొంగ కాలువ కట్టింది అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మీకు తెలుసనుకున్నానండీ అంది.

ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్క పోర్షన్లు. క్రిస్మస్‌కి కేకు వచ్చేది, సంక్రాంతికి మేము సకినాలు పంపేవాళ్ళం. ఒక్క పూట కూడా వాళ్ళ టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తినలేదు నేను. మా ఇంట్లో కంచం ముందు కళ్ళు మూసుకుంటే నిద్రొస్తోందని అర్థం. ఏం తింటాడని ఫోన్లో అడిగాను. ఎట్లా తింటాడని అడగలేదు.

అదే రోజు, రాత్రి

ఆవిడ నాకు దండం పెట్టలేదు.

చెప్పింది. మాట లేకపోయినా, సగం ఒళ్ళు లేకపోయినా, ఎట్లా పెట్టాలో చేసి చూపించింది. రెండుసార్లు. నేను ఆ చేతులు విడదీసి దుప్పటి కింద పెట్టాను.

జూన్ 23, సోమవారం

జెరూషా వెళ్ళింది. కల్నల్‌ని తీసుకెళతానంటే వద్దన్నాను. ప్రార్థన కాగితం మీద రాయించుకున్నాను.

మూడు పూటలా చదివాను. మొదటిసారి సిగ్గేసింది, నవత పైనుంచి చూస్తోందని. రెండోసారి సగంలో తడబడ్డాను, వాడు ఓపిగ్గా ఆగాడు. మూడు పూటలా తిన్నాడు. కొంచెమే.

నాకు ఆ దేవుడు తెలియదు. నేను అడిగేది వింటాడో లేదో తెలియదు. వాడు మాత్రం వింటున్నాడు.

జూన్ 25, బుధవారం

తిన్నాడు. కక్కాడు. తిన్నాడు.

పురుషోత్తం నేను కాగితం తియ్యగానే టీవీ కట్టేస్తున్నాడు. ఆ రెండు రోజుల గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇవాళ మార్కెట్ నుంచి వస్తూ లేత సొరకాయ తెచ్చాడు. ఉడకబెట్టి పెట్టు, సులువుగా అరుగుతది అన్నాడు. అని అక్కడే నిలబడ్డాడు, ఆమెన్ అయ్యేదాకా.

జూన్ 27, శుక్రవారం

రెండు కిడ్నీలూ పోయాయట. వయసు వల్ల ముందే కొంచెం దెబ్బతిని ఉండొచ్చు అన్నాడు డాక్టరు. మధ్యలో ఎప్పుడైనా నీళ్ళు, తిండి బాగా తగ్గాయా అని అడిగాడు. డైరీ తెచ్చారా మేడం అన్నాడు.

తెచ్చాను. రాసింది నేనే, చదివి వినిపించిందీ నేనే. పదహారో తేదీ చదివాను, పదిహేడు చదివాను. పద్దెనిమిది దగ్గర డైరీ ఆయన వైపు తిప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, మీకు తెలియదు కదా మేడం అన్నాడు. ఆ మాట ఇంకెవరూ నాతో అనొద్దు.

జూన్ 29, ఆదివారం

లేవలేకపోతున్నాడు. పడుకున్నచోటే గిన్నె పెట్టాను. పెరుగన్నం, నీళ్ళలా కలిపి. నేను కళ్ళు మూసుకోగానే కదలిక వినిపించింది. తెరిచి చూస్తే ముందు కాళ్ళ మీద లేవడానికి చూస్తున్నాడు. కూర్చోవాలి కదా, ప్రార్థన అయ్యేదాకా. వద్దురా, పడుకోరా అని మెడ కింద చెయ్యి పెట్టాను. వినలేదు. నా మోకాలికి ఆనించి కూర్చోబెట్టాను. కాగితం లేకుండానే చెప్పాను, ఇప్పుడు నోటికి వచ్చేసింది.

ఆమెన్ అన్నాను. వాడు వంగి ఒక్కసారి నాకాడు. ఆకలై కాదు. తినమన్నాను కాబట్టి.

మూతి మీద నేను కొట్టినచోట ముద్దు పెట్టుకున్నాను. తప్పయిపోయిందిరా అన్నాను. ఆ రెండు దెబ్బలకీ నా మొహమే చూశాడు, ఇప్పుడూ నా మొహమే చూశాడు.

జూన్ 30, సోమవారం

తెల్లారేసరికి టీచర్ గుమ్మం ముందు చల్లబడి ఉన్నాడు. అంతదూరం ఎట్లా పాక్కుంటూ వెళ్ళాడో.

జూలై 3, గురువారం. లంచ్ అవర్

డబ్బా మూత తీశాను. పెరుగన్నం. చెయ్యి కదల్లేదు. ఎవరైనా ఆమెన్ అంటారేమోనని నిటారుగా కూర్చున్నాను. రెండయింది. మూత పెట్టేశాను.