బంబూరీ, ఇంకా ఇద్దరికి చోటుంది

మొంబాసా,
మార్చి 14, శనివారం.

ప్రియమైన సిదీ అక్కకు,

తమ్ముడు కహిందీ నమస్కారాలు. మాలిందిలో నువ్వూ, బావా, మేకలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నాం, నా గొంతు తప్ప.

నిన్న మా కాద్జో వెళ్లే బాలవాడికి వెళ్లాను. ప్రతి శుక్రవారం ఒక తల్లో తండ్రో వచ్చి పిల్లలకు పుస్తకం చదివి వినిపించాలట. "మా నాన్న బస్సులో ఎంత గట్టిగా అరుస్తాడో! పుస్తకం ఇంకా బాగా చదువుతాడు" అని నా కూతురు వారం నుంచీ ఊదరగొడుతోంది. మూడేళ్ల పిల్ల మాట నిలబెట్టకపోతే నేనేం తండ్రిని? నవ్వకు. పదేళ్లుగా బంబూరీ పేటకు తిరిగే మటాటూ బండిలో కండక్టర్ని, పోలీసులకే జంకను. కానీ నాలుగో తరగతిలో నేను చదవబోతే క్లాసంతా నవ్విన సంగతి నీకు తెలుసుగా. అప్పటినుంచీ పుస్తకం పట్టుకుంటే నాలుక మడత పడుతుంది.

చాప మీద పదిహేనుమంది, ముక్కులు కార్చుకుంటూ నన్నే చూస్తున్నారు. కథ మొదట నేను "పౌక్వా" అనాలి, వాళ్లు "పకావా" అనాలి కదా. నోరు తెరిస్తే ఏం వచ్చిందో తెలుసా? "బంబూరీ, బంబూరీ! ఇంకా ఇద్దరికి చోటుంది, లోపలికి జరగండి!" పిల్లలు "పకావా!" అని అరిచి నిజంగానే జరిగారు, ఒకరి ఒళ్లోకి ఒకరు. ఒకడు పక్కవాడి చెవి కొరికాడు. కాద్జో లేచి నిలబడి "మా నాన్నే!" అని అందరికీ చూపించింది.

ఇంక నేను ఆగలేదక్కా. పేజీలు తిప్పాను, గొంతులు మార్చాను, అదరగొట్టాను. వెనకాల ఎవరి ముక్కో తుడుస్తున్న రుకియా టీచరు "ఇంత బాగా చదివిన నాన్న ఇప్పటిదాకా రాలేదండీ, వచ్చే శుక్రవారం కూడా మీరే రావాలి" అంది.

బావకు నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు,
కహిందీ

తా.క.: నీ దగ్గర దాపరికమెందుకు? ఆ పుస్తకంలో ఉన్నది ఏనుగు స్నానం కథ. రెండో మాట దగ్గరే అక్షరాలు అలుక్కుపోయాయి. నేను చెప్పింది, చిన్నప్పుడు నన్ను పడుకోబెడుతూ నువ్వు చెప్పిన దుమ్ములగొండి కథ. గంజి కోసం కుండలో తల పెడితే ఇరుక్కుపోతుందే, అదే. నాకు అంతవరకే తెలుసు. ఎప్పుడూ అక్కడికొచ్చేసరికి నిద్రపోయేవాణ్ణి. వీళ్లు మాత్రం ఒక్కరూ నిద్రపోలేదు! "మిగతాది వచ్చే శుక్రవారం" అని, బండి ఆపించినట్టు గోడ మీద ఒక దెబ్బ కొట్టి బయటపడ్డాను. కాద్జో నిన్నటినుంచీ నెత్తిన గిన్నె బోర్లించుకుని తిరుగుతోంది. గురువారంలోగా అందేలా రాయి అక్కా, ఆ తల బయటికొచ్చిందా లేదా? పెద్ద అక్షరాల్లో రాయి.