చెరిపించేసిన మొదటి టేక్

బుధవారం, రాత్రి

రేపు పదింటికి డైరెక్టర్ గారి ముందు కూర్చోవాలి. కుర్రకారు కోసమని ప్రభుత్వం పెట్టిన మా ఛానెల్‌ని కుర్రకారే చూడటం లేదు. "వాళ్లు మళ్లీ చూసే ఐడియా ఒక్కటి తెండి, లేదంటే మూసేసుకుందాం" అన్నారాయన. అందుకే పొద్దున్నే కెమెరామన్ రావుగారితో కలిసి చల్లపల్లి కాలేజీకి వెళ్లాను.

అలవాటు ప్రకారం పిల్లలు చెప్పాల్సిన మాటలు ముందే కాగితం మీద రాసిచ్చాను. నేతపనివాళ్ల అమ్మాయి సునీత ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసింది.

"మీ ఛానెల్ మా ఇంట్లో ఎవరూ పెట్టరండీ. డిగ్రీ అయ్యాక నాన్న పక్కన మగ్గం మీద కూర్చోవాలా, బెజవాడలో బట్టల షాపులో నిలబడాలా అని ఇంట్లో రోజూ గొడవే. ఆ గొడవ మీ టీవీలో పెట్టండి, చూస్తాం."

"కట్!" అన్నాను. "అలా కాదమ్మా, కాగితంలో ఉన్నట్టు, కాస్త నవ్వుతూ చెప్పు."

చెప్పింది. యువతకు స్ఫూర్తినిచ్చే కార్యక్రమాలు రావాలంది. శభాష్ అని కూడా అన్నాను. నా బుద్ధి గడ్డి తింది. పనికిరాని టేకులు రావుగారు అక్కడికక్కడే చెరిపేస్తారు. ఆ పద్ధతి ఆయనకి నేర్పింది నేనే.

తిరిగొస్తూ కంకిపాడు దాటాక గానీ వెలగలేదు, నేను వెతుక్కుంటూ వెళ్లిన ఐడియా సునీత మొదట చెప్పిన ఆ గొడవేనని.

"వెనక్కి తిప్పమంటారా?" అన్నారు రావుగారు. వద్దన్నాను. అప్పటికే కాలేజీ వదిలేసి ఉంటారు.

సునీత నంబరు నా దగ్గరుంది. పొద్దున్నే ఫోన్ చేస్తే పాపం, మళ్లీ చెబుతుంది. కానీ ఈసారి ఆ మాటలు కూడా నేను చెప్పమన్నాను కాబట్టే చెబుతుంది.