తాళం లేని లారీ

హిందూపురం, 1956. శుక్రవారం రాత్రి.

నాయన పోయాడు, ఇక లారీ ఇన్సూరెన్సు నా పేరున రాయించాలి. ఈ రోజు ధర్మవరం నుంచి ఏజెంటు వచ్చాడు. నాయన వేలంలో కొన్న ఆ పాత మిలిటరీ లారీ చుట్టూ రెండు మూడుసార్లు తిరిగాడు.

"తాళం యాడుండాదప్పా?"

"మిలిటరీ బండ్లకు తాళముండదు సార్. స్విచ్చే."

"మరి ఎవడన్నా తోలుకోని పోతే?"

"ఎవురూ తోల్లేరు. బండి నిలిపితే నాయన ఇంజన్లో రోటరనే చిన్న ముక్క ఊడబీకి జేబులో ఏసుకునేవాడు. అది లేకుంటే స్టార్ట్ కాదు."

"అయితే అది పెట్టి స్టార్ట్ చేసి చూపీ. రాసిస్తా."

ఇల్లంతా వెతికాను. దొరకలేదు. చివరికి అమ్మ కొంగు ముడి విప్పి రోటర్ నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ అది ఆమె దగ్గరే ఉందని నాకు తెలియదు. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

నాయన పోయాక మొదటిసారి ఇంజను మోగింది. ఆ చప్పుడు వినగానే అమ్మ, నాయన బండి తోలుకొచ్చినప్పుడల్లా చేసినట్టే లోపలికి పోయి ఆయన స్నానానికి వేణ్ణీళ్లు తోడింది.

ఏజెంటు రాసుకుని వెళ్లిపోయాడు. రేపటి నుంచి బండి నేనే తోలాలి. గంగాళంలో నీళ్లు చల్లారిపోయాయి. పారబోయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.