నూట ఆరు మీటర్ల గీత

చిరంజీవి కనాయెకు నాన్న ఆశీస్సులు.

వానలు పట్టుకున్నాయి. వరి మోకాలి దాకా వచ్చింది. ఇక్కడ నేను, అమ్మ, పిల్లి కులాసా. నీ తొడ నొప్పి పూర్తిగా తగ్గిందని రాశావు. ఆ వాక్యం చదివాకే అమ్మ పొయ్యి దగ్గరికి కదిలింది.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కానని నీకు తెలుసు. ఇన్నేళ్ళూ అమ్మ రాసిన దాని చివర "నాన్న కూడా" అని రాయించేవాణ్ణి. ఈసారి మొత్తం నేనే రాస్తానంటే అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది, ఎక్కేటప్పుడు పెట్టదు. అందుకని ఎక్కే పనులే పెట్టుకుంటున్నాను. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ఇంకా రెండు కట్టలుంది. ఒకటి నీకు పంపుతున్నాం. బడి మూసేస్తారన్నది నిజమే. వచ్చే మార్చితో ఆఖరు. పదకొండు మంది పిల్లలు మిగిలారు.

జాతీయ పోటీల్లో వంద మీటర్ల ఫైనల్ రోజు మీరంతా ఎలా చూశారని అడిగావు. ఊరి సమావేశ మందిరంలో టీవీ ముందు ముప్పై ఒక్కమందిమి కూర్చున్నాం. మంచం పట్టినవాళ్ళు తప్ప ఊరంతా అక్కడే. మంగలి గెంజో ఒకడి తల సగం కత్తిరించి అలాగే వదిలేసి వచ్చాడు. ఆ సగం తల మనిషి కూడా వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు.

నువ్వు ఐదో వరసలో ఉన్నావు. తుపాకి పేలగానే అమ్మ కళ్ళు మూసుకుంది. ఎక్కడుందో చెప్పండి అంటూ నా తొడ గిల్లడం మొదలుపెట్టింది. ముప్పై మీటర్ల దగ్గర నువ్వు నాలుగోదానివి. ఆ మాట నా నోటికి రాలేదు. గెంజో మాత్రం గుర్రప్పందెంలాగా చెప్పుకుపోతున్నాడు. అరవై దగ్గర నీ తల కొంచెం పైకి లేచింది. నువ్వు వేగం పెంచేటప్పుడే అది లేస్తుందని నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ అంతే. ఒకరిని దాటావు, ఇంకొకరిని దాటావు. ఎనభై దగ్గర నీ ముందు ఎవరూ లేరు.

"తొకుజీ, నీ కూతురే ముందుంది," అన్నాడు గెంజో. "ఈ ఒక్కసారైనా అరువు. నీ గొంతు ఎలా ఉంటుందో మేమూ వింటాం."

నేను అరవలేదు. లేచి నిలబడ్డాను. పదకొండు సెకన్ల యాభై రెండు అని తెర మీద పడ్డాక కూడా అలాగే ఉండిపోయాను. మళ్ళీ చూపిస్తున్న పరుగు కనబడటం లేదని వెనకవాళ్ళు నన్ను తిట్టారు. అమ్మ కళ్ళు తెరిచి నా మొహం చూసి, నువ్వు ఓడిపోయావనుకుని ఏడవబోయింది. మర్నాడు శుభకార్యాలకు వండే ఎర్ర గింజల అన్నం వండి ఇంటింటికీ తనే పంచింది.

జాతీయ పోటీలకు నువ్వు వెళ్ళడం ఇది పదకొండోసారి. మూడుసార్లు రెండో స్థానం వచ్చింది. ఒకసారి తొడ పట్టుకుని పరుగు మధ్యలోనే కూలబడ్డావు. ఇరవై ఆరో ఏట కంపెనీ జట్టు నిన్ను వదులుకుంది. పొద్దున కూరగాయల దుకాణంలో పెట్టెలు మోసి, సాయంత్రం ఒక్కదానివే మైదానానికి వెళ్ళేదానివి. ముప్పై ఒకటో ఏట దేశంలో అందరికంటే ముందు గీత దాటావు. ఇవన్నీ వరసగా రాసుకుంటే నాకు బాగుంది. అందుకే రాశాను.

ఇక నువ్వు పత్రికతో అన్న మాటల సంగతి. పుట్టుకతో నీకు వేగం లేదనీ, ఐదో తరగతిలో వంద మీటర్లకు పదిహేను సెకన్ల రెండు పట్టిందనీ, జిల్లా పోటీలకు కూడా తీసుకోలేదనీ, అందుకే రోజూ తెల్లవారుజామున పరుగెత్తావనీ చెప్పావు. నెమ్మది పిల్లలు ఆగిపోవద్దని చెప్పావు. ఇప్పటి హెడ్మాస్టరమ్మ ఆ కాగితం కత్తిరించి బడి గుమ్మంలో అంటించింది. గెంజో చేతిరాత బాగుంటుంది కాబట్టి పెద్ద పలక మీద రంగుతో రాయించింది కూడా. పైన "పదిహేను రెండు", కింద "పదకొండు యాభై రెండు". సెప్టెంబరులో జరిగే ఆఖరి ఆటల పండుగకు నువ్వొచ్చి ఆ కథ పిల్లలకు చెప్తావనీ, బడి పాత సమయాల పుస్తకం పట్టుకుని నేను నీ పక్కన కూర్చోవాలనీ రాశావు.

ఈ ఉత్తరం నేనే రాయడానికి కారణం అదే. అమ్మా కనాయె, ఆ పదిహేను రెండు తప్పు. గడియారం పట్టినవాళ్ళ తప్పు కాదు, నీ కాళ్ళ తప్పు కాదు. నేను గీసిన గీత తప్పు.

ఆ ఏడు మంచు ఎక్కువ పడింది. బడి షెడ్డులో ఉన్న ఇనుప టేపు తుప్పు పట్టి, లాగగానే తెగిపోయింది. పక్క ఊరి బడికి ఫోన్ చేసి ఒకటి అడిగి తెమ్మన్నారు అప్పటి హెడ్మాస్టరు సుగవర గారు. అక్కర్లేదన్నాను. అటెండరుగా ఇరవై ఏళ్ళు ఆ బడిలో పని చేసినా, ఫోన్‌లో కొత్తవాళ్ళతో మాట్లాడమంటే నాకు చెమటలు పట్టేవి. ఇంటికొచ్చి, నాట్లప్పుడు వరసలు తిన్నగా రావడానికి మనం మడి మీద కట్టే తాడు పట్టుకెళ్ళాను. పది మీటర్లకో ముడి చొప్పున మీ తాతయ్య వేసిన తాడు. ముప్పై ఏళ్ళు బురదలో లాగిన తాడు సాగుతుందని నాకు తట్టలేదు. ముడికి అర మీటరు పైగా ఎక్కువైందని మడిలో ఏ వరి మొక్కా చెప్పలేదు. మన మైదానం చిన్నది కదా, ఉయ్యాల దగ్గర నుంచి ఈతకొలను గోడ దాకా మూల నుంచి మూలకు ముడులు లెక్కపెట్టి, రెండు చివరలా మేకులు కొట్టి, మధ్య సున్నం పొడి పోశాను. చాలా తిన్నగా వచ్చింది. సుగవర గారు మెచ్చుకున్నారు.

అప్పట్లో ఏ బడికి ఆ బడి రాసి పంపిన సమయాలు చూసి జిల్లావాళ్ళు పిల్లల్ని ఎంచేవారు. ఆ ఏడు మన బడి నుంచి ఎవరినీ తీసుకోలేదు. నువ్వు ఏడవలేదు. ఆ పూట రెండు గిన్నెల అన్నం తిన్నావు. మర్నాడు మేం లేచేసరికి నీ బూట్లు గుమ్మంలో లేవు.

అక్టోబరులో బడికి కొత్త టేపు వచ్చింది. మైదానంలో ఎవరూ లేనప్పుడు కొలిచాను. నూట ఆరు మీటర్ల ఇరవై. మూడుసార్లు కొలిచాను. చివరి మేకు పీకి, సరైన చోట కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు బడిలో పిల్లలందరి సమయమూ సెకను దాకా తగ్గింది. బడిలో ఇచ్చే పాల మహిమ అన్నారు సుగవర గారు. నేను తలూపాను.

నువ్వు ఆరో తరగతిలో జిల్లాకు వెళ్ళి గెలిచొచ్చి, "నాన్నా, పొద్దున్నే పరుగెత్తితే ఒక సెకను తగ్గింది, చూశావా," అన్నావు. అవునమ్మా అన్నాను. ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ తల దించుకుంటాను. మేకు తప్పు కొట్టడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

తర్వాత చెబుదామనుకున్నాను. పరుగు నేర్పే నారుమి టీచరమ్మ నిన్ను పట్నం హైస్కూలుకు తీసుకెళ్తానని మన ఇంటికి వచ్చిన రోజు ఆవిడ ముందే చెబుదామనుకున్నాను. టీ పోసి ఊరుకున్నాను. కంపెనీ నిన్ను వదులుకున్న రోజు నువ్వు ఫోన్ చేసి, "ఫర్వాలేదు నాన్నా, నేను వెనక నుంచి మొదలైనదాన్నే కదా, నాకు అలవాటే," అన్నావు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. నువ్వు ఆ నమ్మకం మీదే నిలబడి ఉన్నావు, ఇప్పుడు దాన్ని లాగకూడదు అనుకున్నాను. అది నిజంగా నీ కోసమో, నా బిడియం కోసమో, నాకే తెలియదు.

పోయిన ఆదివారం అమ్మకు చెప్పాను. ముల్లంగి తరుగుతున్న కత్తి కింద పెట్టింది.

"ఇరవై ఏళ్ళు దీన్ని కడుపులో పెట్టుకుని నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారా," అంది. తర్వాత, "నాకెందుకు చెప్తున్నారు, పిల్లకి చెప్పండి," అని మళ్ళీ కత్తి తీసుకుంది.

గెంజోకీ చెప్పాను. వాడు తిట్టింది చెప్పినందుకు కాదు, రంగు ఎండిపోయాక చెప్పినందుకు. తడిగా ఉన్నప్పుడైతే గుడ్డతో పోయేదట.

నారుమి టీచరమ్మకు నేనే ఫోన్ చేశాను. అమ్మ పక్కన నిలబడింది గాని నంబరు నేనే నొక్కాను. ఆవిడ అంతా విని, లెక్క వేసి, ఆ రోజు నువ్వు పరుగెత్తింది నికరంగా వంద మీటర్లకు పద్నాలుగు సెకన్ల మూడుకు సమానమంది. ఫోన్ పట్టుకునే ఉండమని చెప్పి, తన దగ్గరున్న పాత జిల్లా జాబితాలు తీసింది. ఆ ఏడు ఐదో తరగతి ఆడపిల్లల్లో మొదట వచ్చిన పిల్ల సమయం పద్నాలుగు ఆరు.

"తొకుజి గారూ," అంది, "ఆ ఏడు ఈ జిల్లాలో మీ అమ్మాయి కంటే ముందు ఎవరూ లేరండి."

కాబట్టి తల్లీ, నువ్వు నెమ్మది పిల్లవు కావు. ఏనాడూ కావు. జిల్లాలో మొదటి పతకం నీకు పదకొండో ఏటే రావాలి. రాకుండా చేసింది నేను. మిగతాదంతా, ఆ తెల్లవారుజాములూ, పెట్టెల మోతా, తొడ కట్టుకుని మళ్ళీ లేవడమూ, వాటికి నా తాడుతో సంబంధం లేదు. అవి నువ్వు చెప్పినట్టే జరిగాయి.

పిల్లల ముందు నీకు తెలియకుండా నీ నోటితో తప్పు చెప్పించలేను. నిన్న బడికి వెళ్ళాను. హెడ్మాస్టరమ్మకు విషయం చెప్పి, సెప్టెంబరులో మైకు ముందుగా నాకు ఇమ్మని అడిగాను. ఆవిడ ఎన్ని నిమిషాలు కావాలంది. రెండు చాలన్నాను. ఇంటికొచ్చి ముల్లంగి చేలో అమ్మను ఎదురుగా నిలబెట్టి చెప్పి చూశాను. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి పక్క చేలో కలుపు తీస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు.

నేను చెప్పాక నువ్వు మాట్లాడు. కోపం వస్తే కోపంగానే మాట్లాడు. పిల్లలూ నేనూ కూర్చుని వింటాం.

ఇట్లు,
ఆ రోజు గీత గీసిన
మీ నాన్న