నిమ్మకాయల మీద అమెరికా బండి

బసవనగుడి,
బెంగళూరు.

చిన్నాయనకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే నాన్న పక్కనే కూర్చుని వింటాడు. అందుకే బండిని బొమ్మసంద్రలోని నీ మెకానిక్ షెడ్డుకు తెచ్చే వ్యాన్ డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పోయిన ఆయుధపూజకు నాన్న నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ఆ పాత అమెరికా బండి వెనక చక్రాలు ఎగిరెగిరి పడి, ఒక్కసారిగా ముందుకు దూకింది గదా. హారతి పళ్ళెంతో ఎదురుగా నిలబడిన అమ్మ వెంట్రుకవాసిలో తప్పించుకుంది. "నా తప్పేం లేదప్పా, వెనక స్ప్రింగులు మెలితిరిగినాయి. ట్రాక్షన్ బార్లు ఏపిస్తే సరిపోతాది" అని నాన్న అప్పటినుంచీ అంటూనే ఉన్నాడు.

స్ప్రింగులు మెలితిరగకుండా పట్టే ఆ కడ్డీల్లో, స్ప్రింగు కింద బోల్టులతో బిగించేవి ఒక రకం, ఛాసిస్‌కు వెల్డింగ్ చేసేవి ఇంకో రకం అట. వెల్డింగ్‌కు నాన్న ఒప్పుకోడు. బోల్టు రకం ఆ ఇంజను బలానికి ఆగుతుందా? నువ్వే చూసి చెప్పాలి.

స్ప్రింగులు మెత్తబడిన మాట నిజమే. కానీ షుగరు వల్ల ఆయన కుడి అరికాలికి స్పర్శ పోయింది. నిన్న బండి స్టార్ట్ చేసే ముందు తన కాలు ఏ పెడల్ మీద ఉందో వంగి చూసుకున్నాడు. నేను చూశానని ఆయనకు తెలియదు. ఈసారి కూడా తానే తొక్కిస్తాడట. అమ్మ అప్పుడే హారతి పళ్ళెం తోమి పెట్టుకుంది.

ఆయన నీ మాటొక్కటే నమ్ముతాడు. ఏ బార్లయినా వెయ్యి చిన్నాయనా, పండగ దాటేవరకు మాత్రం పని ముగించొద్దు.

నీ అన్న కూతురు