సంచిలో కొబ్బరికాయ

నవంబర్ 28, 2025, శుక్రవారం

ఫ్లెక్స్ వచ్చింది. మా ఆయన ఫోటో పెద్దగా వేశారు, పక్కన బంతి బొమ్మ. హరికిషన్ స్మారక ఫుట్‌బాల్ స్కిల్స్ పోటీ, నవంబర్ 30, ఆదివారం సాయంత్రం 4.30 అని ఉంది. కాలేబు దాన్ని మా వరండాలో పరిచి, ఎట్లున్నది వదినా అని అడిగాడు. బాగుందన్నాను. తర్వాత టైం చదివాను. ఆదివారం నాలుగున్నరకే రాహుకాలం మొదలవుతుంది. ఆరు దాకా ఉంటుంది.

చెప్పాల్సింది. చెప్పలేదు. కాలేబు చర్చికి వెళ్ళే మనిషి. ఆయనకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. ఆయన పోయాక పిల్లల కోచింగ్ ఒక్కరోజు ఆగకుండా నడిపిస్తున్నది అతనే. పొద్దున్నుంచీ బోయిన్‌పల్లి గ్రౌండ్ క్రికెట్ వాళ్ళది, నాలుగు దాటితే గాని ఖాళీ కాదు. ఫ్లెక్స్ కూడా అచ్చయిపోయింది. ఏ ముఖంతో చెప్పను.

ఈ పోటీ అసలు నవత కోసం. పదమూడేళ్ళ పిల్ల. కూరగాయల మార్కెట్‌లో హమాలీ పని చేసే పర్వతాలు కూతురు. ఆయన నేర్పిన పిల్లల్లో ఆఖరిది. బాలికల స్పోర్ట్స్ హాస్టల్ నుంచి సుమిత్ర మేడం ఆ పిల్ల ఆట చూడటానికే వస్తున్నారు. సీటు వస్తే చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఏడే.

నవంబర్ 29, శనివారం

రెండేళ్ళ కింద ఆయన గ్రౌండ్‌లో పడిపోయింది ఆదివారమే. సాయంత్రం అయిదు గంటలకు. ఈ పూట వెళ్ళకండి అనబోయి ఊరుకున్నాను ఆ రోజు.

డిసెంబర్ 1, సోమవారం, ఉదయం 5.30

దీపం పెట్టాను. స్వామి ముఖం చూడలేక వచ్చి రాస్తున్నాను.

మా పోటీకి ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను ఆయన ఫోటో ముందు కొబ్బరికాయ కొట్టి, ఆయన విజిల్ కాలేబు చేతిలో పెట్టాలి. అప్పుడే మొదటి బంతి కదులుతుంది. నిన్న నాలుగుంబావుకే అందరూ వచ్చేశారు. నలభై ఒక్కమంది పిల్లలు. సుమిత్ర మేడం కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నారు, ఏడింటికి ఆవిడకు ట్రెయిన్. కాలేబు వచ్చి, షురూ చేద్దామా వదినా అన్నాడు.

కొబ్బరికాయ ఇంట్లో మర్చిపోయాను అన్నాను.

అది నా ఒళ్ళో సంచిలోనే ఉంది. పైన తువ్వాలు, కింద కాయ. నాకు అబద్ధాలు రావు అనుకునేదాన్ని. ఎంత తేలికగా వచ్చింది.

కాలేబు మాటైనా అడగకుండా స్కూటర్ తీశాడు. మా ఇంటికి పోయి, వంటింట్లో వెతికి, దొరకక మోండా మార్కెట్ దాకా పోయి కొత్త కాయ కొనుక్కొచ్చాడు. అప్పటికి అయిదుంబావు. చొక్కా అంతా చెమట. కాయ తిప్పి చూసి, దీనికి పిలక లేదు, పూజకు పనికిరాదు అన్నాను. కోపం రాలేదు అతనికి. నాదే తప్పు వదినా, మాకు తెల్వదు గద అని మళ్ళీ పోయాడు.

గంటన్నర ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పసిబిడ్డను పెట్టుకున్నట్టు. పిల్లలు లైన్లో నిలబడి నిలబడి మట్టిలో కూలబడ్డారు. తల్లులు ఒక్కొక్కరే లేచి పోయారు. ఒకామె, కాయ గురించి ఆట ఆపుడేంది, బాల్‌ను కొట్టమంటే కాయను కొడతరంట అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆరింటికి కొట్టాను. అప్పటికి చీకటి పడింది. గ్రౌండ్‌కు లైట్లు లేవు. ఉన్నది ఒక్క లైను, ఒక్కొక్కరికి ఒక్క ఛాన్స్. పదకొండోవాడు తన్నిన బంతి ఎటు పోయిందో కనపడలేదు. నవతది ముప్పై రెండో నంబరు. సుమిత్ర మేడం అప్పటికే ఆటో ఎక్కారు. పోతూ పోతూ, ఇంత దూరం పిలిచి ఇట్లా చేస్తారా అని కాలేబుతో అన్నారట.

పర్వతాలు మధ్యాహ్నం బస్తాలు వదులుకుని వచ్చాడు. నన్నేమీ అనలేదు. మన నసీబే గిట్లున్నదమ్మా అన్నాడు.

రాహుకాలం దాటింది. ఏ కీడూ జరగలేదు. కీడు నేనే.

డిసెంబర్ 3, బుధవారం

కాలేబు వచ్చి గంట కూర్చున్నాడు. ప్లానింగ్ నాదే ఖరాబ్ వదినా, అన్న ఉంటే గిట్ల అయ్యేదా, నాతోని కాదు, కోచింగ్ బంద్ చేస్త అన్నాడు. టీ ఇచ్చాను. నోటి దాకా వచ్చింది, మింగేశాను. అతను తనను తాను తిట్టుకుంటుంటే విన్నాను. ఇంతకంటే పాపం ఉంటుందా.

డిసెంబర్ 5, శుక్రవారం

కాలేబు ఫోన్ మీద ఫోన్ చేశాడు. సుమిత్ర మేడం డిసెంబర్ 21న ఇంకోసారి వస్తానన్నారు. ఆదివారమే. గ్రౌండ్ దొరికేదీ ఆ టైముకే, నాలుగున్నర.

ఈసారి సరిగ్గా చేయాలె వదినా, ఎట్ల చేద్దామో నువ్వు సుత జెర ఆలోచించు అన్నాడు. బంతిని ఒక్కసారి కూడా తన్నని దాన్ని నేను.

డిసెంబర్ 6, శనివారం

ఆంజనేయస్వామి గుడిలో శనివారాలు ప్రసాదం పంచేది నేనే. ఇవాళ జనం బాగా వచ్చారు. ఒక్క లైను ఉన్నంతసేపూ తోపులాట, సణుగుడు. నాలుగు గంగాళాలు నాలుగు వైపులా పెట్టించేసరికి పది నిమిషాల్లో అందరి చేతుల్లో పులిహోర. గరిటె పట్టుకుని నిలబడిపోయాను. పోటీ కూడా ఇంతే కదా.

ఇంటికొచ్చి కాలేబుకు ఫోన్ చేశాను. గ్రౌండ్‌ను నాలుగు చోట్లు చేద్దాం అన్నాను. ఒకచోట బంతిని కాలి మీద ఆడించడం, ఒకచోట కోన్ల మధ్య డ్రిబ్లింగ్, ఒకచోట టైరులోంచి కొట్టడం, ఇంకోచోట గోడకు పాస్. పదేసి మంది చొప్పున గుంపులు తిరుగుతూ ఉంటే ఎవరూ ఊరికే నిలబడరు. అన్న గిన్నేండ్లు నీకు చెప్పకుండనే నేర్పిండు వదినా అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

డిసెంబర్ 9, మంగళవారం

పిల్లలనే అడిగాను, ఏం నచ్చలేదని. చెప్పిందే చెప్పారు. ఒక్కసారి తన్ని ఇంటికి పోవుడేనా ఆంటీ. బాల్ పక్కకు పోతే ఇంకో ఛాన్స్ ఇయ్యరా. నా స్కోర్ ఎంతనో నాకే చెప్పలే. అందరికీ మూడు ఛాన్సులు, మంచిది లెక్కలోకి. స్కోరు అక్కడికక్కడే గోడ మీద చాక్‌తో, తల్లులే రాయాలి, అప్పుడు వాళ్ళూ కూర్చుంటారు. చిన్నవాళ్ళు ముందు. ఉపన్యాసాలు లేవు. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను.

నవతను కూడా అడిగాను. తల ఊపింది. లేట్ చెయ్యకపోతే చాలు ఆంటీ అంది.

డిసెంబర్ 13, శనివారం

ట్రయల్ చేశాం. గంటలో అయిపోయింది. చీకటి పడకముందే. ఇంత సులువు పని.

డిసెంబర్ 17, బుధవారం

ధనుర్మాసం వచ్చింది. ఏ శుభకార్యమూ మొదలుపెట్టని నెల, పైన రాహుకాలం. తట్టుకోలేక పూజారిగారిని అడిగాను, ఎవరిదో సంగతన్నట్టు. ఆయన గోదావరి వైపు మనిషి. నవ్వారు. పిల్లలు ఆడుకోడానికి రాహుకాలాలేంటమ్మా, దేవుడికి వేరే పని లేదా అన్నారు.

ఈ మాట నవంబర్‌లో అడగాల్సింది. అడగడానికి నూరడుగుల దూరం కూడా లేదు గుడి.

డిసెంబర్ 20, శనివారం

అన్నం సయించలేదు.

డిసెంబర్ 22, సోమవారం, ఉదయం 5

నిన్న నాలుగు గంటల ముప్పై నిమిషాలకు కాయ కొట్టాను. గడియారం చూసి మరీ కొట్టాను. తెల్లగా, రెండు సమమైన చిప్పలుగా పగిలింది. కుళ్ళి ఉంటే బాగుండేదేమో. నా భయానికి ఒక సాక్ష్యమైనా దొరికేది.

విజిల్ ఇచ్చాను. తర్వాత జరిగింది ఆయన చూడాల్సింది. యాభై ఆరు మంది వచ్చారు. నాలుగు వైపులా బంతులు, నాలుగు వైపులా కేకలు. ఏడేళ్ళవాడొకడు మూడో ఛాన్స్‌లో టైరులోంచి కొట్టి గ్రౌండ్ అంతా పరుగెత్తాడు, పట్టుకోలేకపోయాం. కాయను కొడతారంట అన్న ఆమే గోడ దగ్గర చాక్ పట్టుకుని, నా కొడుకుది తొమ్మిది గాదు పది, సరిగ్గ జూడుర్రి అని కొట్లాడింది. ఒక్క తల్లి కూడా లేచి పోలేదు.

నవత బంతిని నూట పదహారు సార్లు కింద పడకుండా ఆడించింది. చివరికి అందరూ తమ ఆటలు ఆపి లెక్కపెట్టారు. సుమిత్ర మేడం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పర్వతాలు తలపాగా గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

అయిదున్నరకు అంతా అయిపోయింది. ఇంకా వెలుతురు ఉంది.

మేడం మమ్మల్ని పక్కకు పిలిచారు. ఈ వయసు సీట్లు రెండే ఉన్నాయి, పద్నాలుగో తారీఖున వేరే సెలక్షన్‌లో నిండిపోయాయి అన్నారు. ఫోన్లో ముందే చెప్తే పిల్ల ఆడటం మానేస్తుందని చెప్పలేదు, ఎవరైనా మానుకుంటే మొదటి పేరు ఈమెదే, కానీ ఎవరూ మానుకోరు అన్నారు. నేను చూసిన పోటీల్లో ఇంత బాగా నడిపింది లేదు అని కూడా అన్నారు. ఆటో దాకా పోయి వెనక్కి తిరిగి, నవంబర్ ముప్పైన చూసి ఉంటే అక్కడే రాసుకునేదాన్ని అన్నారు.

కాలేబు నేలను చూస్తూ ఉండిపోయాడు. అతనికి అక్కడే చెప్పేశాను. రాహుకాలం, సంచి, కాయ, పిలక, అన్నీ. నన్ను రెండుసార్లు మోండా మార్కెట్‌కు తోలితివి వదినా, నాకు చెప్తే ఆరింటికే పెడ్తుంటి గద, లైట్లు కిరాయికి తెస్తుంటి అన్నాడు. కోన్లు ఏరుకోవడానికి పోయాడు.

నవత ఒక్కతే గోడ దగ్గర షూ విప్పుకుంటోంది. పక్కన కూర్చున్నాను. తల్లీ, ఆ రోజు కాయ నా సంచిలోనే ఉండె అన్నాను.

నవత లేసు ముడి విప్పుతూనే అంది. నాకు ఎర్కే ఆంటీ. ఆటోలకెల్లి సంచి మోసింది నేనే గద.

ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

మీరే తీస్తరనుకున్న అంది.

డిసెంబర్ 28, ఆదివారం, సాయంత్రం 4.30

ప్రాక్టీసుకు విజిల్ ఇవ్వడానికి వెళ్ళాను. నవత గేటు దగ్గరికి ఎదురొచ్చి, సంచి ఇవ్వమని చేయి చాపింది. ఇచ్చాను. తెరిచి చూసుకుని, తర్వాత భుజాన వేసుకుంది.